మ్యూట్‌లో నేర్చుకున్న ఆట

మావయ్య సంవత్సరీకం అయిన మర్నాడు రమణ బావ రుషికొండలో మా ఫ్లాట్‌కి వచ్చాడు. చేతిలో అత్త పంపిన ఆవకాయ సీసా, ముఖంలో ముందురోజు కార్యం తాలూకు అలసట. సోఫాలో కూర్చుని మంచినీళ్ళు తాగి, టీవీ కింద ఉన్న గేమ్ కన్సోల్ వైపు కాసేపు చూశాడు. తర్వాత అడక్కుండానే కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నాడు. కుర్రతనం దాటాక బావ దాన్ని ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏటిది, నల్లదేనా?" అన్నాడు.

"నల్లదే బావా. ఎర్రది రావడం మానేసి చాలా కాలమైంది."

"సచ్చిపోయిందా?" అని నవ్వి, రిమోట్ అందుకుని టీవీ సౌండ్ పూర్తిగా తీసేశాడు.

వంటింట్లోంచి మా ఆవిడ సుజాత తొంగిచూసింది. "ఇంట్లో ఎవరూ పడుకోలేదు అన్నయ్యా, సౌండ్ పెట్టుకోండి."

"సౌండ్‌తోటి నాకు రాదమ్మా," అన్నాడు బావ, తెరమీంచి చూపు తిప్పకుండా.

సుజాత నావైపు చూసింది. ఆమెకు చెప్పాల్సిన జవాబు చాలా పొడుగు. మా ఆఫీసులో కుర్రాళ్ళు కూడా, నేను చిన్నప్పటి నుంచీ బాస్కెట్‌బాల్ వీడియో గేమ్‌లు ఆడుతున్నానని తెలిసి, పోటాపోటీగా వచ్చిన రెండు సిరీస్‌లలో ఏది గొప్పదని అడుగుతుంటారు. సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం నా ఉద్యోగం. ఒకదానితో ఒకటి పోల్చి తప్పులు వరసగా రాయడానికే నాకు జీతమిస్తారు. ఎర్రదానికీ నల్లదానికీ పోలిక ఒక పట్టికగా గీసి వాళ్ళకి అరగంటలో ఇవ్వగలను. కానీ ఆ పట్టికలో ఎక్కడా మా మావయ్య పట్టడు. ఆయన్ని వదిలేసి ఆ ఆటల గురించి రాస్తే, రాసినవన్నీ నిజాలే అయినా నాకు అబద్ధంలాగే ఉంటుంది.

ఆ ఆటల అసలు పేర్లతో మాకు పని ఉండేది కాదు. మా ఇల్లు వన్ టౌన్‌లో. నాన్న లారీలకీ పడవలకీ తాళ్ళు, టార్పాలిన్లు అమ్మేవాడు. మా బట్టల్లో కూడా కొబ్బరిపీచు, తారు కలిసిన వాసన ఉండేది. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒకాయన డిస్కులు కాపీ చేసి అమ్మేవాడు. పోటీ కంపెనీలు చేసిన రెండు బాస్కెట్‌బాల్ ఆటలు, ఏటేటా ఒక కొత్త అంకె తగిలించుకుని ఆయన దగ్గరికి వచ్చేవి. కలిసిపోకుండా ఆయన ఒకదాని కవర్లో ఎర్ర కాగితం, ఇంకోదాని కవర్లో నల్ల కాగితం పెట్టేవాడు. మా భాషలో అవి ఎర్రది, నల్లది అయిపోయాయి. పరీక్షలు అవగానే రెండూ కొని, సంచిలో బట్టల మధ్య పెట్టుకుని, బస్సెక్కి స్టీల్ టౌన్‌షిప్‌లో మావయ్య క్వార్టర్‌కి వెళ్ళిపోయేవాణ్ణి. వేసవంతా అక్కడే. కన్సోల్ ఉన్నది అక్కడే మరి. ఓడ దిగిన ఒక సీమన్ అమ్మేస్తుంటే మావయ్య కొన్నాడు. కొడుకు కోసం కొన్నానని అందరికీ చెప్పేవాడు గానీ, మొదటి నెలంతా తనే ఆడాడని అత్త చెప్పేది.

అప్పారావు మావయ్య మా అమ్మకి అన్న. ఒకప్పుడు బాస్కెట్‌బాల్ ఆడి, ఆ ఆట చూపించి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం సంపాదించాడు. మోకాలు పోయాక జట్టులో చోటు పోయింది, ఉద్యోగం మిగిలింది. బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర షిఫ్టు డ్యూటీ. ఇంటికి వచ్చేసరికి ఆయన జేబురుమాలు నల్లగా ఉండేది, చొక్కాకి బొగ్గు గ్యాసు వాసన, ఆయన కూర్చునే పేము కుర్చీకి మోకాలి మందు వాసన. మామిడిటెంక ఇస్తే తెల్లగా బొమికలా అయ్యేదాకా చీకి, పళ్ళెం అంచున నిలబెట్టేవాడు. ఎవరైనా ఏదైనా బాగుందంటే వెంటనే అందులో లోపం వెతికేవాడు. వెతికితే దొరికేది కూడా. అదే ఆయనతో వచ్చిన చిక్కు, ఆయన చెప్పేది ఎప్పుడూ తప్పు కాదు.

ఆ ఇంటిని నడిపింది గడియారం కాదు, ఆయన నిద్ర. పొద్దున్న ఆరింటి ఎ షిఫ్టు అయితే మధ్యాహ్నం వచ్చి పడుకునేవాడు. మధ్యాహ్నం రెండింటి బి షిఫ్టు అయితే పొద్దెక్కేదాకా లేచేవాడు కాదు. రాత్రి పదింటి సి షిఫ్టు అయితే పగలంతా పడకే. ఏ వారం చూసినా మేం టీవీ ముందు కూర్చునే వేళకి ఆయన నిద్రలో ఉండేవాడు. ఆయన డ్యూటీకి వెళ్ళాక టీవీ అత్త సీరియళ్ళది, మేం గ్రౌండ్‌లో. హాలుకీ పడగ్గదికీ మధ్య తలుపు లేదు, కర్టెన్ ఉంది. అత్త చీపురు ఆనించకుండా ఊడ్చేది. కుక్కర్ కూతకి వస్తోందనగా గరిటెతో దాని వెయిట్ ఎత్తి పట్టుకునేది. కాలింగ్ బెల్ వైరు పీకేసి ఉండేది, కూరగాయలవాడు కూడా మా గుమ్మం ముందు అరిచేవాడు కాదు. టీవీ సౌండ్ సున్నా మీద ఉండేది. పొరపాటున ఒక్క గీత పెరిగితే కర్టెన్ వెనకనుంచి గొంతు వచ్చేది.

"ఏట్రా ఆ గోల? నాను లేసానంటే ఇద్దరి ఈపులూ పగిలిపోతాయి."

అలా మేం ఆ రెండు ఆటల్నీ మ్యూట్‌లో నేర్చుకున్నాం. ప్రపంచంలో ఇంకెవరైనా అలా నేర్చుకున్నారో లేదో నాకు తెలీదు. ఎర్రదాంట్లో పాటలున్నాయని నాకు ఇంజనీరింగ్ హాస్టల్‌లో తెలిసింది. నల్లదాంట్లో ఇద్దరు వ్యాఖ్యాతలు మొదటినుంచీ చివరిదాకా ఒకళ్ళనొకళ్ళు వేళాకోళం చేసుకుంటూ మాట్లాడతారనీ అక్కడే తెలిసింది. మాకు మాత్రం బంతి నేలకి తగిలినా చప్పుడు లేదు, వేలమంది లేచి నిలబడి నోళ్ళు తెరిచినా చప్పుడు లేదు. మేం కూడా నోరు తెరిచే గంతులేసేవాళ్ళం, అరుపు బయటికి రాకుండా.

చప్పుడు తీసేస్తే ఆట లోపలి పనితనం బయటపడుతుంది. ఎర్రదాంట్లో ఆటగాళ్ళ పాదాలు నేల మీద ఆనవు. నీళ్ళు పోసిన గచ్చు మీద జారినట్టు పక్కకి జారతారు. కానీ ఎగరడం చూడాలి! బుట్టకి దూరంగా ఉండగానే బటన్ నొక్కితే చాలు, మనిషి గాల్లోకి లేచి అక్కడ కాసేపు ఆగి, ఏంచేద్దామా అని ఆలోచించుకుని దిగేవాడు. అలసట ఉండదు, దెబ్బ తగలదు, ఎవరు విసిరినా బంతి వదలాల్సిన క్షణం ఒక్కటే. వేలు చురుగ్గా ఉన్నవాడిదే ఆట. నల్లది దానికి పూర్తిగా ఎదురు. పాదం నేలమీద పడితే బరువు తెలుస్తుంది. పెద్ద ఆటగాడి పక్కనుంచి దూరిపోదామంటే భుజం అడ్డొస్తుంది. ప్రతి ఆటగాడూ బంతిని తన పద్ధతిలో వదులుతాడు. ఒకడు భుజం లేచినప్పుడు, ఒకడు మణికట్టు వంగినప్పుడు. అవన్నీ కళ్ళతో పట్టుకుని గుర్తుపెట్టుకోవాలి. ఎక్కువసేపు పరిగెత్తిస్తే నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతాడు, ఇంకా పరిగెత్తిస్తే మోకాలు పట్టుకుని పడతాడు. నల్లది ఆడితే గెలిచినా సంతోషం వేసేది కాదు, పరీక్ష రాసి వచ్చినట్టుండేది. రమణ బావది ఎర్రది. నాకు తెలిసి ఆ ఆటని అంత అందంగా ఆడినవాడు లేడు. మావయ్యది నల్లది. నిద్ర లేచి టీ గ్లాసుతో వచ్చి మా వెనక పేము కుర్చీలో కూర్చునేవాడు. తెరమీద ఎర్రది కనపడితే, "మళ్ళీ కప్పల గంతులు," అనేవాడు.

నల్లదాంట్లో మన పేరుతో మనమే ఒక ఆటగాణ్ణి తయారుచేసి జట్టులో పెట్టుకోవచ్చు. ఎత్తు, వేగం, కుడిచెయ్యి, ఎడంచెయ్యి, ఒక్కోదానికీ వందలోపు అంకె వేస్తాం. అన్నిటికన్నా కింద ఇంకో గడి ఉంటుంది. ఈ మనిషి ఎప్పటికైనా ఎంతవాడు కాగలడు అన్నది ఆ గడి. అందులో వేసిన అంకె దాటి వాడు ఎన్నేళ్ళు ఆడినా పెరగడు. ఎర్రదాంట్లో అలాంటి గడి లేదు. ఒకసారి బావ తన పేరు ఎక్కించుకుని, అన్నీ తొంభై పైన వేసుకుని మురిసిపోతున్నాడు. మావయ్య ఎప్పుడు లేచాడో, వెనక నిలబడ్డాడు.

"ఎవుడ్రా ఈ మొనగాడు?"

"నానే నాన్నా."

"ఇలగియ్యి." కంట్రోలర్ లాక్కున్నాడు. "స్పీడ్ తొంభై ఆరా? పాలపేకెట్టు తెమ్మంటే గంట సేత్తావు." అంకె దిగింది. "ఎడం సెయ్యి తొంభయ్యా? ముక్కు తుడుసుకోడానికి తప్ప ఎప్పుడైనా లేపినావేట్రా దాన్ని?" అదీ దిగింది. ఒక్కొక్క గడికీ ఒక మాట, ఒక్కొక్క మాటకీ ఒక నవ్వు. చివరి గడి దగ్గర ఆగి, వంటింటి వైపు తిరిగాడు. "ఏమే, నీ కొడుకు ఎంతోడవుతాడే?"

హాల్లో ఏం జరుగుతోందో అత్తకి తెలీదు. చేపలు కడుగుతోంది. "ఆల్ల నాన్నంతోడైతే సాలు," అంది.

మావయ్య ముఖంలో నవ్వు ఆరిపోయింది. బొటనవేలు బటన్ మీద అలాగే నొక్కి పట్టుకున్నాడు. అంకె డెబ్భై దాటి కిందకి, అరవై దాటి కిందకి, యాభై దగ్గర ఆగింది. సేవ్ చేశాడు. కంప్యూటర్‌నే సీజన్లు ఆడుకోమని వదిలి, మమ్మల్ని కదలనివ్వకుండా కూర్చోబెట్టాడు. రెండో సీజన్ మధ్యలో తెరమీద ఇంగ్లీషులో ఒక కబురు వచ్చింది. మావయ్య దాన్ని తెలుగు చేసి గట్టిగా చదివాడు.

"రమణగారూ, మీ సేవలు మాకింక సాలు, ఇంటికి పొండి, అంతన్నాడ్రా." దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నావైపు తిరిగి, "నీ పేరు ఎక్కించక్కర్నేదు. ఈడు బెంచీ అయితే నువ్వు బెంచీ మీది తువ్వాలువి," అన్నాడు. నేను నవ్వాను. ఆ ఇంట్లో ఆయన నవ్వినప్పుడు నవ్వకపోతే తర్వాతి వంతు మనదే.

బావకి పదిహేడో ఏడు నడుస్తున్న వేసవిలో టౌన్‌షిప్ గ్రౌండ్‌లో కుర్రాళ్ళ జట్టుకి సెలక్షన్లు పెట్టారు. నెగ్గినవాళ్ళు జిల్లా పోటీలకి వెళతారు, అక్కడ ఎవరి కళ్ళలోనైనా పడితే స్పోర్ట్స్ హాస్టల్‌లో చోటు. వయసు ప్రకారం బావకి అదే ఆఖరి అవకాశం. గ్రౌండ్‌లో అతను ఎర్రది ఆడినట్టే ఆడేవాడు, ఎగిరి గాల్లో నిలబడి. సాయంత్రం వాకింగ్‌కి వచ్చినవాళ్ళు కంచె పట్టుకుని నిలబడేవాళ్ళు. సెలక్షన్ చేసే ముగ్గురు పాత ఆటగాళ్ళలో మావయ్య ఒకడు. సెలక్షన్‌కి మూడు వారాల ముందు, భోజనాల దగ్గర బావ మాట కదిపాడు.

"నాన్నా, సెలక్సన్‌కి నానొత్తాను."

మావయ్య చేపముక్కలోంచి ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. "రాకు."

"ఏటి నాన్నా?"

"గ్రౌండ్‌లో కూడా నువ్వు ఎర్రదే ఆడతావు. ఎగరడం, దిగడం. నా పక్కన కూకున్నోలు నవ్వుతారు."

"ఆడితేనే కదా తెలుత్తాది."

"సరే. నల్లదాంట్లో నన్ను ఓడించు. సెలక్సన్ ముందురోజు శనివారం, డ్యూటీకి ఎల్లేముందు కూకుందాం. నెగ్గినావంటే నానే సైకిలెక్కించుకుని తీసుకెల్తాను. ఓడిపోయినావంటే గ్రౌండ్ గేటు కేసి రాకూడదు."

"కన్నకొడుకుతోటి పందాలేటండీ?" అంది అత్త.

"నువ్వు పులుసెయ్."

ఆ మూడు వారాలు బావ ఎర్ర డిస్కు కవర్లోంచి తియ్యలేదు. మావయ్య కర్టెన్ వెనక నిద్రపోతుంటే, ఇవతల మేం ఆయన్ని ఓడించడం నేర్చుకున్నాం. నేను మావయ్యలా ఆడాలి. అది నా పని. నెమ్మదిగా, బంతి వదలకుండా, ఎదుటివాడు విసిగి తప్పు చేసేదాకా ఆగడం. బావ ఒక్కొక్క ఆటగాడి భుజం, మోచెయ్యి చూసి బంతి వదిలే క్షణం పట్టుకున్నాడు. ఫ్రీ త్రోలు మరీ మరీ సాధన చేశాడు. ఫౌల్ జరిగినప్పుడు గీత దగ్గర ఒంటరిగా నిలబడి విసిరేవి అవి. అందరూ ఆగిపోయి చూస్తుంటారు, చెయ్యి వణికితే బంతి పోతుంది. చివరి వారానికి అతను ఎంత పనికిమాలిన జట్టు తీసుకున్నా నన్ను ఓడించేవాడు. ఫ్రీ త్రో తప్పడమన్నది మర్చిపోయాడు. కానీ అతని ఆటలోంచి ఏదో పోయింది కూడా. ఎగిరే చోట ఎగరకుండా ఆగడం అలవాటైంది. సాయంత్రం గ్రౌండ్‌లో కూడా అలాగే ఆడుతుంటే, కంచె దగ్గర నిలబడేవాళ్ళు తగ్గారు.

ఆ శనివారం మావయ్య పగలంతా నిద్రపోయి నాలుగింటికి లేచాడు. స్నానం చేసి, మోకాలికి మందు రాసుకుని, ఆ కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. జట్టు ఎంచుకునే మొదటి హక్కు కొడుక్కే ఇచ్చాడు. ఆట మాత్రం తన జట్టు సొంత గ్రౌండ్‌లో పెట్టుకున్నాడు. మాకు అదేమంత పెద్ద విషయంగా తోచలేదు. సగం ఆట అయ్యేసరికి బావ తొమ్మిది పాయింట్లు ముందున్నాడు. మావయ్య నోట ఒక్క ఎగతాళి మాట కూడా లేకపోవడం చూసి నాకు భయం వేసింది. ఆయన అత్తని టీ అడిగి, గ్లాసు అందుకుని, రెండో చేత్తో రిమోట్ తీసుకున్నాడు.

"ఇప్పుడు ఇంట్లో నిద్దరోయేవోడెవుడూ నేడు కదా," అని సౌండ్ చివరికంటా పెంచేశాడు.

హాలు అదిరింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. నేను నిజంగానే చెవులు మూసుకున్నాను. ఇన్నేళ్ళూ నోళ్ళు తెరిచి ఊరుకున్న ఆ జనం ఒక్కసారిగా అరవడం మొదలెట్టారు. ఆ గ్రౌండ్ మావయ్య జట్టుది కాబట్టి బావ బంతి ముట్టుకుంటే ఈలలు, కేకలు. వదిలేస్తే చప్పట్లు. ఇంగ్లీషు వ్యాఖ్యాత ప్రతి తప్పుకీ గొంతు చించుకుంటున్నాడు. బావ భుజాలు చూసేవాడు కదా, ఇప్పుడు అతని కళ్ళు తెరమీద నిలవడం లేదు. శబ్దం ఎటునుంచి వస్తే అటు పోతున్నాయి. బంతి వదలాల్సిన క్షణం దాటాక వేలు పడుతోంది.

"నాన్నా, సౌండ్ తగ్గించు."

"గ్రౌండ్‌లో జనాన్ని కూడా తగ్గించమంటావేట్రా?"

ఆ తర్వాత మావయ్య ఆట ఆడలేదు, వేటాడాడు. బావ బంతి పట్టుకుంటే చాలు, కావాలని ఫౌల్ చేసి గీత దగ్గరికి పంపేవాడు. ఇటు బావ వేలు ముందో వెనకో పడేది, అటు జనం ఊళ పెట్టేవాళ్ళు. ఒకటి పోయింది, ఇంకోటి పోయింది. కీలకమైన ఆఖరి రెండూ బావ కళ్ళు తుడుచుకుంటూ విసిరాడు, రెండూ పోయాయి. మావయ్య మూడు పాయింట్లతో నెగ్గాడు. కంట్రోలర్ స్టూలు మీద పెట్టి నవ్వాడు. నేను ఆ నవ్వు దగ్గరనుంచి చూశాను. ఆయన ముఖం మెరిసింది, వయసు తగ్గినట్టయింది.

"జనం ముందు నిలబడనేవు," అన్నాడు. "ఇంకేటి సెలక్సను?"

టిఫిన్ క్యారేజీ తీసుకుని సి షిఫ్టుకి వెళ్ళిపోయాడు. రాత్రంతా ఆ వేడి దగ్గర ఏం ఆలోచించాడో నాకు తెలీదు. పొద్దున్న ఇంటికి వచ్చి స్నానానికి పోకుండా నేరుగా మా చాప దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కనురెప్పల మీద ఇంకా బొగ్గు ఉంది.

"లే. ఏడింటికి సెలక్సను. సైకిల్ బయటే ఉంది."

బావ మెలకువగానే ఉన్నాడు. కళ్ళు తెరిచి తండ్రిని చూశాడు. "నాను ఓడిపోయాను కదా నాన్నా."

"అది ఆటరా."

"ఆటే నాన్నా. ఓడిపోయాను." గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. అటు తిరిగి గోడవైపు పడుకున్నాడు.

అత్త బతిమాలింది. నేను చెయ్యి పట్టుకు లాగాను. బావ కదల్లేదు. మావయ్య గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, చివరికి నన్ను సైకిలెక్కమన్నాడు. సెలక్షన్ జరిగినంతసేపూ ఆయన ఆట చూసింది తక్కువ, గేటు చూసింది ఎక్కువ. పక్కన కూర్చున్నాయన, "నీవోడేడి అప్పారావూ?" అనడిగితే, "జొరం," అన్నాడు. పేర్లు రాసి చివరి ఒక్క చోటు ఖాళీగా ఆపి, మిగతా ఇద్దరూ లేస్తుంటే కూడా కూర్చునే ఉన్నాడు. చివరికి ఇంకెవరి పేరో రాసి సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం భోజనంలో బావ మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. "జట్టులోకి ఎవలెవలొచ్చారు నాన్నా?" అని మర్యాదగా అడిగాడు. మావయ్య పేర్లు చెప్పాడు. "మంచోడు, బాగా ఆడతాడు," అన్నాడు బావ ఒక్కొక్క పేరుకీ. వాళ్ళలో ఒక్కడు కూడా ఎప్పుడూ అతన్ని దాటి బుట్టదాకా వెళ్ళినవాడు కాదు. ఆ సంగతి ఆ గదిలో నలుగురికీ తెలుసు. మావయ్య కలిపిన అన్నం కలిపినట్టే వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ రోజు తర్వాత బావ బంతి పట్టలేదు, కంట్రోలర్ పట్టలేదు. పాలిటెక్నిక్ చదివి, పోర్టులో క్రేన్ మీద ఉద్యోగంలో చేరాడు. మావయ్యే మారాడు. ఏటా కొత్త నల్ల డిస్కు ఆయనే తెప్పించేవాడు. బావ డ్యూటీ నుంచి వచ్చే వేళకి టీవీ పెట్టి, సౌండ్ తనే సున్నాకి తెచ్చి, రెండో కంట్రోలర్ చాపేవాడు. ఒకటి రెండుసార్లు ఎర్ర డిస్కు కూడా పెట్టి చూశాడు. "నాను ఓడిపోయాను కదా నాన్నా," అని బావ కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవాడు. ఎప్పుడూ అదే మాట, అదే మెత్తటి గొంతు. తండ్రికి మందులు తెచ్చేవాడు, ఆస్పత్రికి తిప్పేవాడు, మంచం పట్టాక ఒళ్ళు తుడిచేవాడు. వీధిలో అందరూ కొడుకంటే ఇలా ఉండాలనేవాళ్ళు. చివరి నెలల్లో మావయ్య కోరితే నా కన్సోల్ పట్టుకెళ్ళాను. దిండుకి జారబడి కూర్చుని, "నువ్వు సెప్పరా ఆడికి, ఒక్క ఆట," అన్నాడు. చెప్పాను. బావ తండ్రి కాళ్ళ మీద దుప్పటి సర్దుతూ, "నువ్వు ఆడు బావా. నాను ఓడిపోయినోన్ని," అన్నాడు. మావయ్య కళ్ళు మూసుకున్నాడు. నేను ఒక్కణ్ణే కాసేపు ఆడి కట్టేశాను.

కార్యాల్లో పెద్దవాళ్ళు ఆ పాత సంగతి ఎత్తుకుని, అప్పారావు దూరం ఆలోచించాడన్నారు. ఆటతో వచ్చే ఉద్యోగాలు తర్వాత తగ్గిపోయాయి, కుర్రాడు ఎత్తు కూడా పెరగలేదు, హాస్టల్‌కి పోయి ఉంటే ఎటూ కాకుండా పోయేవాడన్నారు. అది నిజమే కావచ్చు. కానీ కాపాడాలనుకున్నవాడు అలా నవ్వడు. ఆ నవ్వు చూసింది నేను, వాళ్ళు కాదు.

ఇప్పటి కుర్రాళ్ళు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడతారు. ఎవరింట్లో ఎవరు పడుకున్నా వాళ్ళ జనం వాళ్ళ చెవుల్లో అరుస్తూనే ఉంటారు. ఎర్రది అమ్ముడుపోక ఆగిపోయింది, నల్లది ఒక్కటే మిగిలింది. పరీక్షించేవాడి కళ్ళతో చూస్తే అదే న్యాయం. కదలికలు, బరువు, అలసట, లెక్క, దేనిలోనూ ఎర్రది దాని దరిదాపులకి రాలేదు. అయినా మా ఆఫీసు కుర్రాళ్ళు అడిగినప్పుడు నా నోట జవాబు తిన్నగా రాదు. నల్లదాంట్లో ఆ చివరి గడి ఇప్పటికీ ఉంది. నా పేరుతో ఆటగాణ్ణి తయారుచేసిన ప్రతిసారీ అక్కడికొచ్చాక వెనక ఎవరో నిలబడ్డట్టు మెడ తిప్పి చూస్తాను.

ఆ సాయంత్రం మా ఫ్లాట్‌లో బావ కంప్యూటర్‌తో ఆడాడు. నెమ్మదిగా, బంతి వదలకుండా, ఎదుటి జట్టులో బలహీనుడు ఎవడో కనిపెట్టి మళ్ళీ మళ్ళీ వాడి మీదికే పోతూ. ఎగరాల్సిన చోట ఒక్కసారీ ఎగరలేదు. నేను ఉండబట్టలేక అన్నాను.

"ఆఖర్లో మావయ్య అడిగినప్పుడైనా ఒక్క ఆట ఆడుండాల్సింది బావా."

"ఎందుకు?" అన్నాడు. తెరమీంచి చూపు తిప్పలేదు. "ఆయన నన్ను ఒక్కసారే ఓడించాడు. నాను ఆయన్ని రోజూ ఓడించాను."

గుమ్మంలో నిలబడ్డ సుజాత లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి కంచాలు పెట్టిన చప్పుడు, తర్వాత భోజనానికి రమ్మని పిలుపు. అప్పటికి బావ ముప్ఫై పాయింట్లు ముందున్నాడు. ముఖ్యమైన ఆటగాళ్ళని బయటికి పిలిచి కూర్చోబెట్టొచ్చు, మిగతా ఆట కంప్యూటర్‌కి వదిలేసి లేవొచ్చు. అతను టైమవుట్ తీసుకుని, అలిసిపోయిన ఇద్దరికి విశ్రాంతి ఇచ్చి, మళ్ళీ వాళ్ళనే లోపలికి పంపాడు. అన్నం చల్లారిపోతోందని నేను రెండోసారి చెప్పినా, ఆటలో ఆఖరిదైన నాలుగో క్వార్టర్ పూర్తయ్యేదాకా లేవలేదు.